గురువుగారి గోడలో నల్ల తీగ

నమ్మలేనివాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే లేచి వెళ్ళొచ్చు, నేనేమీ అనుకోను. కానీ కూర్చున్నాక మాత్రం "ఇది నిజమేనా?" అనకూడదు. ధైర్యముంటే అనండి చూద్దాం.

నల్లమల అంచున గుట్టమీద చిదానందస్వామి ఆశ్రమం. ఆశ్రమమంటే ఎంతని? పక్కపక్కనే రెండు రాతిగదులు, ఒక వంటపాక. ఆయన శిష్యుడు ఓబులేసు. కరెంటు పనిలో అతన్ని మించినవాడు భూమ్మీద పుట్టలేదు. మెరుపు మెరిస్తే అది ఏ ఫేజులోదో చెప్పేవాడు. ఒకసారి జాతరలో తెగిన తీగ పళ్ళతో పట్టుకున్నాడు. ఊరంతా లైట్లు వెలిగాయి, ఇతని మీసం మాత్రం రింగులు తిరిగింది.

అంతటివాడికి ఆ పొద్దున ముచ్చెమటలు పోశాయి.

వంటచేసే చెన్నమ్మవ్వకి ఆయాసం ముదిరింది. మందు ఆవిరి పట్టే మిషను ఆవిడ గదిలో ప్లగ్గుకి పెడితే, కాసేపు తిరుగుతుంది, గుర్రుమని ఆగిపోతుంది. ఓబులేసు ప్లగ్గు మార్చాడు. సాకెట్టు మార్చాడు. ఆ గదిలో తీగంతా పీకి కొత్తది లాగాడు. టెస్టర్ పెడితే ఎర్రగా వెలుగుతుంది. మిషను మాత్రం తిరగదు.

"ఒరే ఓబులేసూ," అంది అవ్వ, మాట మాటకీ ఊపిరి వెతుక్కుంటూ. "నీ గొప్పలు... నేను విన్నాను గానీ... ఈ మిషను వినలేదేమోరా!"

నవ్వబోయి దగ్గింది. పెదవులు నీలంగా మారుతున్నాయి.

స్వామి వచ్చి గడపలో నిలబడ్డాడు.

"ఈ ప్లగ్గుకి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది నాయనా?"

"మీ గదిలో ప్లగ్గు బోర్డులోంచే స్వామీ. అక్కణ్ణుంచి గోడ దాటి ఇక్కడికి."

"అక్కడ చూశావా?"

ఓబులేసు రెండు చెంపలూ వేసుకున్నాడు. "ఎంత మాట స్వామీ! రోజూ పొద్దున్నే ఆ గోడకి తల ఆనించి మొక్కుతాను. అందులో లోపముందంటే నా కళ్ళు పోవూ?"

స్వామి వెళ్ళి మెయిన్ ఆపాడు. శిష్యుడి చేతిలోంచి స్క్రూడ్రైవరు లాక్కుని, తన గదిలో నేలమీద గొంతుకూర్చుని, ఆయన ఏనాడూ వాడని ఆ బోర్డుకి మరలు విప్పసాగాడు.

"వద్దు స్వామీ, మీ గోడ అది!"

"కూలిపోదులే."

మూత ఊడింది. మాడిన వాసన గుప్పుమంది. లోపల, కరెంటు తిరిగి వెళ్ళాల్సిన నల్ల తీగ మర కిందనుంచి జారి, కొస బొగ్గయి, తాకీ తాకనట్టు వేలాడుతోంది. ఎర్ర తీగ మటుకు పెళ్ళికొడుకులా నిగనిగలాడుతోంది. టెస్టరుకి ఆ ఎర్రదే కనబడింది మరి.

స్వామి పక్కకి జరిగాడు. ఓబులేసు మాడిన కొస కత్తిరించాడు, కొత్త రాగి తేల్చాడు, మర బిగించాడు. ఎంతలా బిగించాడంటే గుట్ట ఒక బెత్తెడు కిందికి దిగింది.

మెయిన్ వేశారు.

పక్కగదిలో మిషను తుమ్మెదలా అందుకుంది. ఈసారి ఆగలేదు. ఆవిరి తెల్లగా లేచింది. అవ్వ కళ్ళు మూసుకుని పీల్చింది, మళ్ళీ పీల్చింది. పెదవుల్లోకి రంగు తిరిగొచ్చాక మూతి మీంచి గొట్టం తీసి, "ఉప్మాకి రవ్వ వేయించి పెట్టానురా, మాడ్చకుండా చూడు," అంది.

ఓబులేసు గోడకి చేరగిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు, నవ్వాడు. తర్వాత ఆ తెరిచిన బోర్డు ముందే సాగిలపడబోయాడు.

స్వామి అతని భుజం పట్టి ఆపాడు.

"మొక్కు నాయనా, వద్దనను. ముందు విప్పి చూడు."

ఇంకా అనుమానమా? ఆ వేళ గడప బయట చెప్పులు విడుస్తూ ఇదంతా కళ్ళారా చూసినవాడు ఉన్నాడు. గుట్ట దిగగానే కుట్టుమిషను చప్పుడు వినబడే కొట్టు. టైలరు దస్తగిరి. వెళ్ళి అడగండి.