తొండ తలూపిన దారి

ఒకప్పుడు తొండలు తల ఊపేవి కావు. మెడ బిర్రుగా నిలబెట్టుకుని, ఎవరొచ్చినా ఎవరు పోయినా అలా చూస్తూ ఉండేవి.

పట్నం ఇళ్లు అయిపోయే చోట ఓ పెద్ద కొండ ఉండేది. దాని మీదికి పాతకాలపు రాజులెవరో వేయించిన రాతిమెట్ల దారి. కొండపైన చిన్న పల్లె. ఆ దారి పక్క బండ మీదే ఓ తొండ కాపురం.

"తల వంచితే మన పరువేం కావాలి?" అని అది చీమలతో కూడా గొప్పలు పోయేది.

కొండ కింద పైడమ్మ అనే ముసలి మంత్రసాని ఉండేది. పల్లెలో పుట్టిన పిల్లలందరికీ మొదటి స్నానం ఆమె చేతిదే. పాపం, ఆమెకు చెవులు బొత్తిగా వినపడవు.

వానాకాలం ఒకరోజు పల్లె నుంచి అప్పలనాయుడు రొప్పుతూ వచ్చి, పొట్ట మీద చెయ్యి పెట్టి సైగ చేశాడు. వాళ్లావిడ గంగమ్మకు నొప్పులు మొదలయ్యాయి.

"నా నడకతో నీకేటి పని? నువ్వు పరిగెత్తు. నీళ్లు కాగబెట్టు. నానొచ్చేస్తాను," అంది పైడమ్మ.

ఆమె సగం కొండ ఎక్కేసరికి మబ్బు దిగింది. చుట్టూ తెల్లగా కమ్మేసింది. అక్కడే దారి రెండుగా చీలుతుంది. ఒకటి పల్లెకు, ఇంకోటి రాళ్లు కొట్టిన లోతైన గోతికి. పైడమ్మ గోతి వైపు తిరిగింది.

తొండ తన బండ మీంచి అది చూసింది. "అమ్మమ్మా! అటు గొయ్యి! ఆగు!" అని గొంతు చించుకుంది.

పైడమ్మకు వినపడితే కదా! ఇంకో అడుగు వేసింది.

తొండ ఒక్క గెంతు గెంతి ఆమె కాళ్ల ముందు రాయి మీద వాలింది. గొంతు ఎర్రగా ఉబ్బించింది. పైడమ్మ ఆగిపోయింది.

"ఏటే తొండమ్మా, అడ్డొస్తున్నావు? ఊరు ఇటు కాదేటి?"

తొండ పరుగున వెళ్లి రెండో దారిలో బండ ఎక్కింది.

"అయితే అటా?" అని చెయ్యి చూపించింది పైడమ్మ.

అవునని ఎలా చెప్పడం? అరిస్తే వినపడదు. తల ఊపాలంటే పరువు. పైన గంగమ్మ, పుట్టబోయే పసిగుడ్డు. తొండ కళ్లు మూసుకుని, ఎన్నడూ వంగని మెడను వంచింది. మెడ కలుక్కుమంది. అయినా ఒకసారి ఊపింది. మబ్బులో కనపడలేదేమోనని నాలుగుసార్లు ఊపింది.

"నా తల్లే! నా బంగారమే!" అని పైడమ్మ నవ్వుతూ వెనకే నడిచింది. తొండ ముందు పరిగెత్తుతూ, బండ బండకీ ఆగి తల ఊపుతూ పల్లె దాకా తీసుకుపోయింది.

పైడమ్మ గుమ్మంలో అడుగు పెట్టిన కాసేపటికే ఆడపిల్ల కెవ్వుమంది.

మర్నాడు దిగివస్తూ పైడమ్మ బండ దగ్గర ఆగింది. వేలి కొసతో తొండ మెడ మెల్లగా నిమిరింది.

"నొప్పెట్టిందేటే? ఈ దారిన తెలియనోళ్లు ఎంతోమంది వస్తారు. ఆళ్లకీ ఇలాగే దారి చూపి ధైర్యం చెబుతావా?"

తొండకు పరువు సంగతే గుర్తు రాలేదు. గబగబా తల ఊపేసింది.

అప్పటినుంచే, కొండదారిన మనం అలిసిపోయి ఆగితే, బండ మీది తొండ మనకేసి చూసి తల ఊపుతుంది.