సూరమ్మ చేతి ముద్ద

ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పకుండా ఏదో ఒక పని పురమాయించడం గోదావరి గట్టు మీది మా గురువుగారి అలవాటు. అమ్మలారా, అయ్యలారా, పరాంకుశంగారికీ అదే జరిగింది.

పరాంకుశంగారు చిరకాలం కాలేజీలో ఇంగ్లీషు చెప్పినవారు. ‘క్వయిట్’ కంటే ‘వెరీ’ ఎంత బరువో, ‘వెరీ’ అలిసిపోయిన చోట ‘అట్టర్లీ’ ఎలా అందుకుంటుందో బంగారం తూచినట్టు తూచి చెప్పేవారు. ఒకనాటి ఉదయం ఆయన కళ్ళనీళ్ళతో అడిగారు: “స్వామీ, నా తపన కొద్దిపాటిది కాదు, విపరీతమైనది. రోజూ పూజలో ఆ మాటే విన్నవించుకుంటున్నాను. కృష్ణుడు ఒక్కసారైనా కనిపించడేం?”

“వంటింట్లో సూరమ్మ కోసం ఎవరో దొరసాని వచ్చిందట. కాస్త మాటసాయం చేసిరా నాయనా,” అన్నారు గురువుగారు.

సూరమ్మ ఒకప్పుడు దొరల బంగళాలో ఆయా. తన చేతుల్లో పెరిగిన పాపని అయిదో ఏట ఓడెక్కించి తీసుకుపోయారు. ఆ పాప కోసం ఎదురుచూస్తూనే సూరమ్మ ముసలిదైంది, చూపు పోగొట్టుకుంది, చివరికి గురువుగారి ఆశ్రమం చేరింది. ఇప్పుడు ఎదురుగా కూర్చున్న నెరిసిన జుట్టు ఎడిత్, ఆ పాపని నేనేనంటోంది. తెలుగు మొత్తం మరిచిపోయింది.

ఎడిత్ ‘వెరీ’ అంది, ‘టెరిబ్లీ’ అంది. పరాంకుశంగారు ఒక్క ఛాయ కూడా జారనివ్వకుండా తెలుగులో పెట్టారు: “నిన్ను ఎంతగానో తలుచుకుందట. కాదు కాదు, అంతకు మించి... తట్టుకోలేనంతగా.”

“బాగానే చెబుతున్నారు బాబూ, సభలో పెద్దమనిషి మాట్లాడినట్టుంది,” అంది సూరమ్మ, కంచంలో పప్పన్నం కలుపుతూ. “మా పాపకి ఇంత నోరెక్కడిదీ! సరేలెండి, ఎవరైతేనేం, పాపం ఎండనపడి వచ్చింది. ఏదమ్మా, చెయ్యి పట్టు.”

అరచేతిలో ముద్ద పడింది. ఎడిత్ తింది. తిని, మళ్ళీ చెయ్యి చాపింది. లోపల ఏ మూల దాక్కుందో ఏమో, ఆ ముదురు గొంతులోంచి ఓ పసిమాట ఊడిపడింది.

“ఇంకొంతెం.”

సూరమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. “పొట్టనొప్పి వస్తుందే తల్లీ, ఇంక చాలు,” అంది, బంగళాలో రోజూ అన్నట్టే. అంటూనే ఇంకో ముద్ద చేసి, తడుముకుంటూ ఆ మొహం వెతికి నోట్లో పెట్టింది.

పరాంకుశంగారికి తర్జుమా చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. వచ్చి గురువుగారి ముందు కూలబడ్డారు. పూజకి గంట మోగుతోంది.

“ఈవేళ నీ తపన ఎంతో కృష్ణుడికి చెప్పకు నాయనా,” అన్నారు గురువుగారు. “చెయ్యి చాపు.”