రాజుగారి రేవు, పక్క రేవు

ఒకానొక రాజ్యంలో, సముద్రపు ఒడ్డున, రత్నకేతుడనే రాజు ఉండేవాడు. కోట కింది రేవు అద్దంలా ఉండాలని ఆయన పంతం. అలలకు కొట్టుకొచ్చే ఆకులూ, నాచూ, గడ్డీ నౌకర్లు రోజూ నీళ్ళలోంచి లాగి రాతిగట్టు అవతల పారబోసేవారు.

అవతల ఉన్నది జాలర్ల రేవు. రాజుగారి వలలో నీళ్ళు తప్ప ఏమీ పడేవి కావు. వాళ్ళ వలలు మాత్రం నిండేవి. మేడ మీంచి ఆ పండుగప్ప చేపల తట్టలు చూసి ఆయనకు కడుపు మండిపోయేది. అసూయతో అన్నం కూడా సహించేది కాదు.

చివరికి జాలర్ల పేట పెద్ద దేముడమ్మను పిలిపించాడు. "నా చేపల్ని ఏదో మంత్రంతో లాక్కుంటున్నారు. మంత్రమైనా చెప్పు, రేవైనా ఖాళీ చెయ్యి."

ఆ రేవు పోతే పేటంతా పస్తే. అయినా ముసలమ్మ తడబడలేదు.

"మంతరాలు మాకేటి తెలుసు మారాజా? మా రేవు తమరు తీసుకోండి. తమరిది మాకిప్పించండి. మాది మురికి రేవు, ముందు సుబ్బరంగా ఊడిపించుకోండి."

రాజు మురిసిపోయి వెంటనే రేవులు మార్పించాడు. చెత్త ఎక్కడ పోయాలని నౌకర్లు అడిగితే, "ఎప్పటిలాగే, గట్టు అవతల," అన్నాడు.

రెండు నెలలు తిరిగేసరికి రాజుగారి కొత్త రేవు అద్దంలా మెరిసింది. చేపలన్నీ మళ్ళీ జాలర్ల వైపే ఉన్నాయి. ఆయన కళ్ళలో నిప్పులు పోసుకుని దేముడమ్మను మళ్ళీ పిలిపించాడు. "మంత్రం కూడా మోసుకుపోయావా?"

ఆమె ఒక తట్ట తెచ్చింది. అందులో నౌకర్లు పారబోసిన చెత్తే ఉంది. నీళ్ళ గంగాళంలో ముంచి దులిపింది. కుళ్ళిన ఆకుల్లోంచి రొయ్యపిల్లలు, గోరంత చేపపిల్లలు జలజలా రాలాయి.

"సిన్నవి ఈటిలో దాక్కుంటాయి, ఈటినే తింటాయి. ఆటి కోసం పెద్దవొస్తాయి. మాకు మంతరం యేసింది తమరి నౌకర్లే మారాజా, తమరి జీతం తిని."

రాజు గంగాళంలోకి వంగి చూసి పకపకా నవ్వాడు. "ఇన్నాళ్ళూ మిమ్మల్ని మేపి, మిమ్మల్ని చూసే ఏడ్చానన్నమాట. ఏం కావాలో కోరుకో."

"మా పాత రేవు మాకిప్పించండి. ఊడవడం మాత్రం మానకండి బాబూ."

రాజు మరింత నవ్వి, ఆ రేవు తరతరాలకూ జాలర్లదేనని శాసనం రాయించి, ఆమెకు పట్టుచీర పెట్టాడు. ఊడవడం మాత్రం మర్నాడే మాన్పించాడు.

తరవాత రెండు రేవుల్లోనూ చేపలు సమానంగానే పడేవి. అయినా మేడ మీంచి చూస్తే, జాలర్ల చేప జానెడు పొడుగ్గా కనబడేది ఆయనకి.