ధాన్యం గదికి గడప

అడిగిన ప్రశ్నకి కనకాచారి గారు ఆ రోజే జవాబు చెప్పగా ఎవరూ ఎరగరు. గోదావరి కాలవగట్టు మీద ఆయన ఆశ్రమమంటే ఒక పెంకుటిల్లు, ఒక వంటశాల, పెరట్లో వడ్రంగం చేసుకునే పాక, అంతే. ఎవరైనా వచ్చి జీవుడెక్కడివాడు, దేవుడెలాంటివాడు అని అడిగితే గురువుగారు "ఊఁ" అని చిత్రిక అందుకునేవారు. రెండు రోజులకో పది రోజులకో జవాబు ఎదురయ్యేది, అదీ మాటల్లో కాదు. ఓపిక లేనివాళ్లు ఈయనకేమీ తెలియదనుకుని వేరే గురువుని వెతుక్కునేవారు. ఓపిక పట్టి మిగిలినవాళ్లలో సత్తిరాజు గారొకరు.

సత్తిరాజు గారు రైల్వేలో గూడ్సు గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. భార్య పోయాక ఆశ్రమానికొచ్చి ఉండిపోయారు. ఆయనకి పద్ధతంటే ప్రాణం. ఊళ్లో మూతపడ్డ రైసుమిల్లు వాళ్లు తమ ధాన్యం గదులు పన్నెండూ ఆశ్రమానికి రాసిచ్చినప్పుడు, ఏళ్ల తరబడి రోడ్ల మీద పడుకుంటున్నవాళ్లకి వాటిని ఇళ్లుగా ఇద్దామన్నారు గురువుగారు. సత్తిరాజు గారు నడుం కట్టి ఆరు నెలలు తిరిగారు. సున్నాలు వేయించారు, కిటికీలు పెట్టించారు, గదికో ఫ్యానూ మంచమూ నీళ్లబిందే అమర్చారు. గురువారం గురువారం నర్సమ్మ వచ్చి బీపీలూ షుగర్లూ చూసేలా ఏర్పాటు చేశారు. పింఛను కాగితాలు లేనివాళ్లని వెంటబెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు. తాగుడు మానలేనివాణ్ణి రిక్షా ఎక్కించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిందీ ఆయనే. పొద్దున ఆరింటికోసారి, సాయంత్రం దీపాలవేళ ఒకసారి పన్నెండు గదుల్లోకీ వెళ్లి, అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకునేవారు. నిజం చెప్పొద్దూ, కన్నతండ్రి కూడా అంత చూడడు.

ఐదో గది నూకాలుది. అరవై దాటిన మనిషి, పదకొండేళ్లుగా రైల్వే పార్సిలాఫీసు గోడవార పడుకుంటూ వచ్చింది. గది ఇచ్చి నెలైంది, ఒక్కనాడూ లోపల పడుకోలేదు. మంచం మీద దుప్పటి వేసిన మడత వేసినట్టే ఉంది. తెచ్చుకున్న మూట ముడి విప్పలేదు. బయట అరుగు చివర మూడు ఇటికలు పెట్టి వండుకునేది, అక్కడే చాప పరుచుకునేది. సాయంత్రమైతే గదిలో లైటు వేసి, తను బయట కూర్చుని, తలుపులోంచి లోపలికి చూస్తూ ఉండేది. పిలవని పెళ్లిని వీధిలోంచి చూసే మనిషి చూపు అది. ఆ చూపు సత్తిరాజు గారికి అంతుబట్టేది కాదు. అంత ఆశ ఉన్న మనిషి రెండడుగులు లోపలికి వేయదేం? ఆమె ఆ గదిలో హాయిగా నిద్రపోతే చూడాలని ఆయనకి కన్నకూతురి కాపురం చూడాలన్నంత కోరికగా ఉండేది. ఆ కోరికతోనే ఆయన ఐదో గదికి రోజూ రెండుసార్లకి బదులు మూడుసార్లు వెళ్లేవారు.

గదులకి చందాలిచ్చిన పెద్దలు ఒక కమిటీగా ఉన్నారు. ఈ సంగతి వాళ్ల చెవిన పడింది. ఏకాదశి నాటి మీటింగు లోపల ఆమె గదిలో ఉంటే సరే, లేదంటే ఆ గది ఎవరైనా పద్ధతైన మనిషికి ఇచ్చేద్దామని తీర్మానించారు. ఏకాదశి తొమ్మిది రోజుల్లో ఉంది. అప్పటికే మృగశిర కార్తె వచ్చేసింది. గది పోతే ఈ వానాకాలమూ నూకాలుకి పార్సిలాఫీసు గోడే దిక్కు.

ఆ మధ్యాహ్నం సత్తిరాజు గారు పాకలోకొచ్చి గురువుగారి ఎదుట చతికిలబడ్డారు.

"గురువుగారండీ, మనిషికి అర్హత ముందా, ఇల్లు ముందా? వీధికి అలవాటుపడ్డవాళ్లని ముందు కాస్త దారిలో పెట్టి, ఆ తర్వాత ఇల్లివ్వాలేమో. మనమే తలకిందులు చేశామేమోనని నా అనుమానం."

గురువుగారు "ఊఁ" అన్నారు. ఈసారి చిత్రిక అందుకోలేదు. కండువా భుజాన వేసుకుని, "పద, ఐదో గది చూసొద్దాం" అంటూ లేచారు.

సత్తిరాజు గారు అలవాటు ప్రకారం చరచరా గదిలోకి వెళ్లి ఫ్యాను వేశారు. వెనక్కి తిరిగి చూస్తే గురువుగారు లేరు. తలుపుకి జానెడు అవతల ఎండలో నిలబడి ఉన్నారు.

"నూకాలక్కా, లోపలికి రావచ్చునా?" అని అడుగుతున్నారు.

అరుగు మీద బియ్యం ఏరుకుంటున్న నూకాలు చేట పక్కన పెట్టి లేచింది. ఎవర్ని అడుగుతున్నారా అని వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.

"నన్నడుగుతారేంటండి? మీ గదే కదండి."

"అయితే నేనిక్కడే ఉంటాలే" అన్నారు గురువుగారు.

డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి అలా ఎండలో నిలబడిపోయారు. సత్తిరాజు గారికి లోపలే ఉండాలో బయటికి రావాలో తోచలేదు. ఫ్యాను కింద ఉండి కూడా చెమటలు పట్టాయి. కాసేపటికి నూకాలే ఉండబట్టలేక నోరు విప్పింది.

"గడప లేదు కదండి. ఎక్కడిదాకా లోపలో, ఎక్కణ్ణించి బయటో నాకు తెలవట్లేదండి. పడుకుంటే రోడ్డు మీద పడుకున్నట్టే ఉంటదండి. పార్సిలాఫీసు కాడ ఎవరు పడితే ఆళ్లొచ్చి లేపేవోరండి. ఇక్కడ బాబుగారొచ్చి లేపుతున్నారండి."

ఆమె నిష్ఠూరానికి అనలేదు. ఉన్న మాట చెప్పింది. సత్తిరాజు గారు తన కాళ్ల దగ్గర నేలకేసి చూసుకున్నారు. మిల్లు నడిచే రోజుల్లో బస్తాల బండ్లు లోపలికి దొర్లడానికని పన్నెండు గదులకీ గడపలు పీకేసి సిమెంటు చేశారు. ఆరు నెలలు ఆ గదుల చుట్టూ తిరిగినా ఆ సంగతి ఆయన కంట పడలేదు. బండి చక్రం సుఖం చూసుకున్న గదిని తెచ్చి మనిషి చేతిలో పెట్టారు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఈ నెల రోజుల్లో ఆమె అడగలేదు, ఆయన అడిగే సందు ఇవ్వలేదు.

"మీ ఊరి ఇంటికి గడపుండేదా అక్కా?" అన్నారు గురువుగారు.

"ఉండేదండి. లంకలో ఇల్లండి మాది, గోదారి కోతకి పోయింది. గోడలు పడిపోతంటే చూస్తా నిలబడ్డానండి. గడప గోదాట్లో కలిసిపోయినప్పుడు మాత్రం ఏడుపాగలేదు. పెళ్లై వచ్చిన్నాడు దాని మీంచే కదండి లోనికొచ్చింది." ఆమె చేటలో బియ్యం వేళ్లతో సర్దింది. "ఆ తర్వాత ఊళ్లో అందరి గడపల ముందూ నిలబడ్డానండి. ఒక్కటీ దాటలేదు."

గురువుగారు వచ్చిన దారినే వెనక్కి వెళ్లారు. పాక వెనక ఎప్పుడో కొట్టి ఆరబెట్టిన వేపదుంగ ఉంది, దాన్ని బయటికి లాగించారు. రంపానికి ఒక కొస ఆయన పట్టుకున్నారు, రెండో కొస సత్తిరాజు గారి చేతికిచ్చారు. జీవితమంతా కలం తప్ప పట్టని చేతులు, రెండో రోజుకే బొబ్బలెక్కాయి. కోస్తూ కోస్తూ సత్తిరాజు గారు లెక్క వేసుకున్నారు, ఏకాదశికి నాలుగు రోజులుంది, మూడు రోజులుంది. తన ప్రశ్న సంగతి గురువుగారు మళ్లీ ఎత్తలేదు. ఈయన అడగడానికి సాహసించలేదు.

దశమి నాటి మధ్యాహ్నం ఐదో గదికి గడప బిగించారు. గురువుగారు సుత్తి కింద పెట్టి, పసుపు కలిపిన గిన్నె నూకాలు ముందుకి జరిపారు. ఆమె చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"నేను రాయొచ్చాండి? మొగుడు పోయినదాన్నండి."

"ఇంటికి పెద్దదానివి నువ్వు. నువ్వు రాయకపోతే మరెవరు రాస్తారక్కా?"

ఆమె కూర్చుంది. మొదటిసారి వేళ్లు ముంచి ఎత్తినప్పుడు పసుపు నేల మీద చుక్కలుగా పడింది. ఆ తర్వాత చేతికి పాత పని గుర్తొచ్చింది. ఆ కొస నుంచి ఈ కొసకి ఒక్క చోట చెక్క కనపడకుండా పట్టించింది, బొట్లు పెట్టింది, వేళ్లు చీరకే తుడుచుకుంది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. సత్తిరాజు గారికి తన భార్య శుక్రవారం శుక్రవారం గడపకి పసుపు రాయడం గుర్తొచ్చింది. ఆవిడ పోయిన ఇంటికి ఈయన తాళం వేసి తొమ్మిదేళ్లైంది. గిన్నె కడిగే వంకతో ఆయన కాలవ దగ్గరికి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం గదుల వైపు రాలేదు.

మర్నాడు ఏకాదశి. పదింటికి మీటింగు. సత్తిరాజు గారు పెందలాళే గదుల దగ్గరికొచ్చారు. అరుగు మీద చాప లేదు. ఇటికల పొయ్యి రాజేసిన జాడ లేదు. నూకాలు లేదు. భయపడి మళ్లీ పార్సిలాఫీసుకే వెళ్లిపోయిందా? ఐదో గది తలుపు వేసి ఉంది. తోద్దామని కాలు ముందుకి వేయబోయి, కింద పసుపు చూసి ఆగిపోయారు. చెప్పులు విడిచి రెండడుగులు వెనక్కి వేశారు.

"నూకాలమ్మా" అని పిలిచారు. పలకలేదు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"నూకాలమ్మ గారూ."

లోపల మంచం కిర్రుమంది. "ఎవరండీ?" అన్న నిద్రగొంతు వినపడింది. గడియ తీసిన చప్పుడైంది. తలుపు సగం తెరిచి నూకాలు నిలబడింది, చెంప మీద దిండు అచ్చుతో. ఎండ అరుగెక్కేదాకా ఆ మనిషి పడుకోగలదని పదకొండేళ్లలో ఎవరూ చూసి ఉండరు.

"ఏం కావాలండి?"

సత్తిరాజు గారు తెల్లబోయారు. ఆ తలుపు దగ్గర ఇన్నాళ్లూ ఆ మాట అడిగింది ఆయన.

"ఏం లేదండి. ఊరికే, పలకరించి వెళదామని."

నూకాలు వెనక్కి తిరిగి గదిలోకి చూసుకుంది.

"ఇప్పుడే లేచానండి, ఇంకా ఇల్లూడవలేదు. చెయ్యి ఖాళీ లేదు. తర్వాత రండి."

తలుపు వేసుకుంది. చెయ్యి ఖాళీ లేదు, తర్వాత రా. ఎన్ని వాకిళ్ల ముందు ఎన్ని వందలసార్లు విని ఉంటుంది ఆ మాట. అనడం మాత్రం ఇదే మొదలు. సత్తిరాజు గారికి మొదట చురుక్కుమంది. సున్నం దగ్గర్నుంచి గడప దాకా తన చేతి మీదుగా తయారైన ఇల్లు, కనీసం లోపలికి రమ్మనలేదు. కాసేపు అక్కడే నిలబడ్డారు. లోపల చీపురు చప్పుడు, ఆ వెనకే ఏదో కూనిరాగం. ఒక్కసారి రమ్మని పిలిస్తే బాగుండు, ఆ గది ఇప్పుడెలా ఉందో చూద్దును అని ఆయనకి చిన్నపిల్లాడి బెంగలాంటి బెంగ పట్టుకుంది. పిలుపు రాలేదు. చెప్పులు చేత్తో పట్టుకునే ఆశ్రమానికి తిరిగొచ్చారు.

గురువుగారు పాకలో రెండో గడపకి చిత్రిక పడుతున్నారు.

"గురువుగారండీ, నూకాలమ్మ గారు లోపలే పడుకున్నారండి. మీటింగులో ఆ మాట చెబుతాను." సత్తిరాజు గారు ఆగారు. మిగతాది చెప్పకుండా ఉండలేకపోయారు. "కానీ నన్ను లోపలికి రమ్మనలేదండి. తలుపేసేసుకున్నారు."

గురువుగారు చెక్క మీది పొట్టు ఊదేసి, తలెత్తి ఆయన మొహంలోకి చూశారు.

"మంచిది నాయనా. నువ్విచ్చింది ఆవిడకి ముట్టింది."