రాజుగారి ఆకులో పడని వడ్డన

కొండలకూ ఏటికీ మధ్య ఇరుక్కున్న సంస్థానం ఒకటుండేది. సంస్థానం చిన్నదైనా రాజుగారి పేరు మాత్రం పెద్దది, రాజా ప్రచండ విజయభూపతి. నడివయసు దాటాక ఆయనకు ఇంగ్లీషు మీద మోజు పుట్టింది. చెన్నపట్నం నుంచి వరాహస్వామి అనే పంతులుగారిని పిలిపించి పాఠాలు మొదలుపెట్టారు. పట్టుమని నాలుగు ముక్కలు వచ్చాయో లేదో, తెలుగువాళ్లందరూ ఆయనకు వాగుడుకాయల్లా కనిపించసాగారు.

ఒకరోజు నిండు కొలువులో అన్నారు. “దొరలు ఎవరికైనా ఏదైనా పెట్టాలంటే ‘డూ యు వాంట్’ అంటారు. కావాలా అని. అంతటితో సరి. మనవాళ్లో? ‘వడ్డించమంటారా’, ‘ఇంకాస్త వేసుకోండి’, ‘నా మాట కాదనకండి’. అన్నిటి అర్థమూ ఒకటే, నోటికి శ్రమ తప్ప. ఇకమీదట మన సంస్థానంలో వడ్డించేవాళ్లు ‘కావాలా’ అని ఒక్క మాటే అడగాలి.”

పంతులుగారు ఏదో చెప్పబోయి, రాజుగారి మీసం చూసి ఆగిపోయారు.

ఆ ఆజ్ఞకు మొదట బలైంది సూరమ్మగారు. కోటలో విందులన్నీ ఆవిడ చేతిమీదుగానే జరిగేవి. ఎవరో ముసలాయన మొహమాటపడుతుంటే, అలవాటుకొద్దీ “ఇంకొక్కటి వేసుకోండి బాబూ” అంది. ఆ పూటే ఆవిడను కొలువులోంచి తీసేశారు. క్షమాపణ చెప్పుకుంటే మళ్లీ తీసుకుంటామని కబురు పంపారు.

“అన్నం పెట్టి క్షమాపణ చెప్పుకోవడం మా ఇంటా వంటా లేదు” అని తిప్పిపంపింది సూరమ్మ. ఈ మాట చెబుతుంటే, కథ చెప్పే నాకే గర్వంగా ఉంటుంది.

ఆవిడ తమ్ముడు భైరవమూర్తి కొలువులో పేరుపడ్డ మాటకారి. అక్కకు జరిగిన అవమానం అతనికి మింగుడుపడలేదు. రాజుగారి దగ్గరికి వెళ్లి చేతులు జోడించాడు.

“ప్రభూ, ఇంట్లో వ్రతం చేసుకుంటున్నాం. పంతులుగారితో సహా భోజనానికి దయచేయాలి. మా అక్క బొబ్బట్లు చేస్తోంది.”

ఆ బొబ్బట్లంటే రాజుగారికి ప్రాణం. బెట్టు పక్కనపెట్టి సరేనన్నారు.

ఊరి పెద్దలంతా బంతిలో కూర్చున్నారు. భైరవమూర్తి గుత్తివంకాయ కూర పట్టుకొచ్చి, రాజుగారి ముందు వంగి, “ప్రభువులకు కూర కావాలా?” అన్నాడు.

రాజుగారు చుట్టూ చూశారు. అందరి కళ్లూ ఆయన మీదే ఉన్నాయి. పుట్టాక ఒకరిని ఇది కావాలి అని అడిగిన నోరు కాదు అది. పదిమందిలో ఇప్పుడెలా అంటారు?

“అబ్బే, వద్దు” అన్నారు.

“చిత్తం” అని భైరవమూర్తి ముందుకు సాగిపోయాడు.

పులిహోర వచ్చింది, వెళ్లింది. పప్పూ, నెయ్యీ, ఆవడలూ అంతే. రాజుగారే వద్దన్నాక కావాలనే ధైర్యం ఎవరికుంటుంది? పంతులుగారితో సహా అందరూ ఖాళీ ఆకుల ముందు ఘుమఘుమలు పీలుస్తూ కూర్చున్నారు.

చివరికి బొబ్బట్ల పళ్లెంతో సూరమ్మ వచ్చింది. తమ్ముడు నేర్పిన మాట అనబోయింది గానీ, రాజుగారు గుటకలు మింగడం చూశాక ఆవిడకు నోరు రాలేదు.

“ఏమిటి బాబూ, ఆకు ఇలా బోసిగా ఉంది? వేడిగా ఉంది, ఒక్కటి వేసుకోండి. నా మాట కాదనకండి.”

రాజుగారు తలవంచుకుని తిన్నారు. ఇంకొకటి వెయ్యబోతే వద్దు వద్దన్నారు గానీ, ఆకుకు చెయ్యి అడ్డం పెట్టలేదు.

భైరవమూర్తి చేతులు కట్టుకున్నాడు. “ప్రభూ, మా అక్క మళ్లీ ఆజ్ఞ మీరింది. శిక్ష ఏమిటో సెలవియ్యండి.”

“ముందు ఇది చెప్పు. రెండు మాటల అర్థమూ ఒకటే గదా, ఒకదానితో నా ఆకు ఎందుకు నిండలేదు?”

“కావాలా అంటే అడిగే భారం మీ మీద పడుతుంది ప్రభూ. వేసుకోండి అంటే ఆ భారం మేం నెత్తిన పెట్టుకుంటాం. గడప తొక్కినవాడు రాజైనా బైరాగైనా, మేం అతని చేత అడిగించుకోం. అదే మా గొప్ప.”

రాజుగారు పంతులుగారి వైపు తిరిగారు. “అయితే పాపం, దొరల ఇళ్లలో చుట్టాలు ఆకలితోనే లేస్తారు కాబోలు.”

“లేదు ప్రభూ” అన్నారు పంతులుగారు నెమ్మదిగా. “పెద్దమనిషి విందుకొస్తే వాళ్లూ ‘వుడ్ యు లైక్’, తమకు ఇష్టమైతే వడ్డిస్తాం అని మర్యాదగా అంటారు. ఆ పాఠం ఇంకా చెప్పలేదు. ఈలోపే తమరు శాసనం చేసేశారు.”

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. అప్పుడే అందరి ఆకుల్లోనూ అన్నీ పడ్డాయి.

లేచి వెళ్లేముందు ఆయన సూరమ్మగారి ముందు ఆగారు. “రేపటి నుంచి మళ్లీ కోటకు దయచెయ్యండి అమ్మా. నా మాట కాదనకండి.”

సూరమ్మ తల ఎత్తుకునే, “అలాగే బాబూ” అంది.

తర్వాత రాజుగారు తన బంగారు కంకణం తీసి భైరవమూర్తి చేతికి తొడిగారు. కావాలా అని మాత్రం అడగలేదు.