చేదుదుంప గురించి కొంగ అడిగిన మాట

అనగనగా ఒక అడవి. ఎంత చిక్కటి అడవంటే, సూర్యుడు కూడా లోపలికొచ్చి దారి తప్పి ఏడ్చేవాడు. అక్కడ గుబురమ్మ అనే ముసలి ఎలుగుబంటి ఉండేది. కిందటి కరువులో ఆకలికి కన్నకూతుర్ని పోగొట్టుకుంది. ఇక మిగిలింది కొండ అవతల ఉండే మనవరాలు చింకి ఒక్కతే.

మళ్లీ కరువొస్తే ఏ దుంప తిని బతకాలో చింకికి తెలియాలని గుబురమ్మ పుస్తకం రాసింది. ఆ తాటాకుల కట్ట మోసి ఏనుగు నడుము వంగిపోయింది. ఇప్పటికీ నిటారు కాలేదు!

అచ్చువేసే కోతులు, "ముందు ఎవరిచేతైనా దిద్దించుకురా అమ్మమ్మా," అన్నాయి.

గుబురమ్మ కొంగను పిలిచింది. ఎవరు అడిగినా రాతలు దిద్దిపెట్టడమే దాని పని. కూలి బుట్టెడు చేపలు.

కొంగ ఒంటికాలి మీద నిలబడి చదివింది.

"పిన్నీ, ఈ దుంప తీగ ఎక్కడ దొరుకుతుంది?" అంది. గుబురమ్మ చెప్పింది.

"ఎప్పుడు తవ్వాలి?" అంది. గుబురమ్మ విసుక్కుంటూ చెప్పింది.

"మరి ఈ చేదుదుంప తవ్వగానే తినేయొచ్చా?"

గుబురమ్మకు ఒళ్లు మండిపోయింది. "ముక్కలు చేసి, ఏటినీళ్లలో నానేసి, విషం పోయాక తినాలని పసిపిల్లకైనా తెలుసే! చేపలు మింగేదానివి, నీకేం తెలుసు?"

"తెలీదు కాబట్టే అడిగాను పిన్నీ. ఆ మాట ఇందులో లేదు."

"పోవే పొడుగుముక్కుదానా!" అని తరిమేసింది.

తర్వాత చిలుకను పిలిచింది. చిలుక ఒక్క ఆకైనా తిప్పకుండానే, "అమ్మమ్మా, ఇందులో అక్షరం కదిపితే పాపం!" అంది. గుబురమ్మ ఉబ్బిపోయి ఆకాశానికి తల తగిలించుకుంది. పుస్తకం అచ్చయింది. చింకికీ చేరింది.

మరుసటేడు కరువొచ్చింది. నీడలు కూడా ఎండిపోయాయి. చింకి పుస్తకం తెరిచింది. అందులో ఉన్నట్టే చేదుదుంప తవ్వింది. ఉన్నట్టే తినేసింది.

కబురు విని గుబురమ్మ పరిగెత్తేసరికి చింకి ఒళ్లు చల్లబడిపోయింది. నాలుగడుగుల దూరంలో సన్నటి ఏటిధార ఇంకా పారుతూనే ఉంది.

గుబురమ్మ పుస్తకం పట్టుకుని కొంగ దగ్గరికి వెళ్లింది.

"ఆ మాట ఇప్పుడైనా చేర్చమ్మా," అంది.

కొంగ చేర్చింది. ఈసారి ఏమీ అడగలేదు.

నీతి: మనకు మరీ బాగా తెలిసిన మాటనే చెప్పడం మరిచిపోతాం. తెలియక అడిగేవాళ్లను తరిమేయకండి, పిల్లలూ.