ఈదమ్మ నీలిచామంతి

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు, మీ తాతకు తాత ఇంకా చంక దిగని రోజులు. నల్లకొండ కింద ఒక చిన్న గూడెం ఉండేది. అందులో ఈదమ్మ అడవి గడ్డి కోసి, చీపుళ్ళు కట్టి బతికేది. మనిషి పొట్టి, మాట గట్టి. ఆమెకు ఉన్నదల్లా ఒక కొడవలి, ఒక కూతురు. కూతురు గురివికి నెలలు నిండాయి.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. గూడెం తాగే చెలమ ఎండిపోయింది. "ఇంక మూడు పొద్దులు చూద్దాం. ఆపైన ఏటి ఒడ్డుకి వలస పోదాం" అన్నాడు గూడెం పెద్ద బయ్యన్న. కొండ దాటి అంత దూరం నిండు చూలాలు ఎట్లా నడుస్తుంది? ఈదమ్మ బయ్యన్న ముందుకు వచ్చింది.

"అడవిలో నీలిచామంతి ఉంది బయ్యన్నా. మన చామంతికి చెల్లెలి వరస. అది పూసిన చోట నేల కింద తడి ఉంటాది" అంది.

మొదటి పొద్దు మగవాళ్ళు పరిగెత్తారు. ఎండ బండల మీద నీలిపువ్వు కనబడగానే గడ్డపార వేశారు. బండ ఖంగుమంది, చుక్క రాలేదు.

"అది దొంగచామంతి. ఆకు తిప్పి చూసినారా? నలిపి వాసన చూసినారా? ఎక్కడ నిలబడిందో చూసినారా?" అంది ఈదమ్మ.

రెండో పొద్దు అసలు పువ్వే దొరికింది. ఆకు వెనక తెల్లటి నూగు, నలిపితే మామిడల్లం వాసన. మనవాళ్ళ తెలివి చూడండి, దాన్ని వేళ్ళతో పెరికి, నెత్తిన పెట్టుకుని తెచ్చి ఎండిన చెలమలో నాటారు. నీళ్ళు వస్తాయని చుట్టూ కూర్చున్నారు. సాయంత్రానికి పువ్వు తల వాల్చేసింది.

"పువ్వు నీళ్ళు తెస్తాదంటయ్యా? నీళ్ళున్న చోటికి పువ్వు వస్తాది గాని. ఎక్కడ పెరికినారు?" అంది ఈదమ్మ. ఎవరికీ గుర్తు లేదు.

మూడో పొద్దు ఈదమ్మే బయల్దేరింది. గూడెమంతా వెనకాల నడిచింది. కొండకు ఉత్తరపు వాలున, వెదురు నీడలో, రాలిన ఆకుల మెత్తలో నీలిపువ్వు కనబడింది. ఆకు తిప్పి చూసింది. నలిపి వాసన చూసింది. ఎక్కడ నిలబడిందో చూసింది. పెరకలేదు. పక్కన కూర్చుని అరచెయ్యి నేలకు ఆనించింది. చల్లగా తగిలింది.

"ఇక్కడ తవ్వండి. పువ్వు మీద మన్ను పడనీయొద్దు."

నడుము లోతున మన్ను తడిసింది. నిలువు లోతున నీళ్ళు ఊరాయి. గురివి బిడ్డకు మొదటి స్నానం ఆ నీళ్ళతోనే చేయించారు. గూడెం కదల్లేదు.

చాలా ఏళ్ళకు ఈదమ్మ పోయింది. గూడెమంతా ఏడ్చింది. ఏడ్చి ఏం చేశారు? నీలిచామంతిని పెరికి తెచ్చి ఆమెను పూడ్చిన చోట నాటారు. సాయంత్రానికి అది తల వాల్చేసింది. గురివి ఏడుస్తూనే నవ్వింది.

"అమ్మ ఉంటే కొడవలి పట్టుకుని తరిమేది మిమ్మల్ని. రండి, పువ్వున్న చోటికి మనమే పోదాం" అని అందరినీ కొత్త చెలమ దగ్గరికి తీసుకుపోయింది.

ఇప్పటికీ ఆ కొండ కింది వాళ్ళు నీలిచామంతిని కోయరు. కనబడితే ఆకు తిప్పి చూస్తారు, నలిపి వాసన చూస్తారు, ఎక్కడ నిలబడిందో చూస్తారు. ఆ తర్వాత పక్కన కూర్చుని, అరచెయ్యి నేలకు ఆనించి, "ఈదమ్మా, ఉన్నావా?" అని అడుగుతారు. చెయ్యి చల్లబడేదాకా ఆగుతారు. "ఉంది" అని చెప్పుకుని లేస్తారు.